ఆరు పళ్ల బంటికి సాయంత్రం ఏం పెట్టాలి?

కృష్ణలంక అమ్మాయి: అందరికీ నమస్కారం. అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌కి వచ్చి రెండు నెలలైంది. మా బంటి, 13 ఏళ్ల పొమరేనియన్, బెజవాడలో అమ్మ దగ్గరే ఉంది. చిగుళ్లు పాడై, డాక్టరు పళ్లు తీసేశాక ఆరే మిగిలాయి. అన్నం మెత్తగా పిసికి పెడితే తింటోంది. తంటా అంతా సాయంత్రం నాలుగింటికి. అమ్మ టీ గ్లాసు పట్టుకోగానే మారీ బిస్కెట్టు కోసం ఎదురుగా కూర్చుంటుంది. అందుకుని మంచం కిందికి పట్టుకెళ్లి, నేలమీద పెట్టి నాకుతుంది. అది నానేలోపు చీమలు పట్టేస్తాయి. నిన్న వీడియోలో చూసి ఏడుపొచ్చింది. బిస్కెట్టు బదులు ఏం పెట్టమనాలి? సంక్రాంతికి వెళ్లేవాళ్లతో ఇక్కణ్ణుంచి ఏమైనా పంపనా?

పటమట అన్నయ్య: ముందు దాన్ని ఇక్కడికి తెచ్చుకోమ్మా. కుక్కల్ని అమెరికా తెచ్చే రూల్స్ 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. మైక్రోచిప్ ఉండాలి, చిప్ వేయించాకే రేబిస్ టీకా. అమెరికాలో టీకా వేయించిన కుక్క కాదు కాబట్టి రక్తపరీక్ష కూడా చేయించుకో, ఆ రక్తం ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. దగ్గర కదా అని న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో దింపితే కుదరదు, న్యూయార్క్ జేఎఫ్‌కే లాంటి అనుమతి ఉన్న ఎయిర్‌పోర్టుకే తేవాలి.

అరండల్‌పేట బాబాయ్: ఇవన్నీ భయపెట్టే మాటలు. నేను 2016లో ఒక్క రేబిస్ కాగితంతో తెచ్చా. ఎవడూ అడగలా.

పటమట అన్నయ్య: బాబాయ్ గారూ, 2016లో మీరు బ్యాగులో ఆవకాయ జాడీ కూడా తెచ్చారు. ఇండియా ఇప్పుడు రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది.

కృష్ణలంక అమ్మాయి: అన్నయ్యా, ఈ వయసులో దాన్ని విమానం ఎక్కించను. బిస్కెట్టు సంగతే అడిగాను.

గురునానక్ కాలనీ: మీ అమ్మగారిది సొంతిల్లేనా? అద్దెదైతే ముందు అది చూసుకోండి. మా నాన్నగారి అనుభవం చెప్తా. నాలుగో అంతస్తు, ముసలి లాబ్రడార్ కుక్క. చేరేటప్పుడు ఓనరుగారు దాని తల నిమిరి "మాకూ కుక్కలంటే ప్రాణమండీ" అన్నాడు. మూడో నెలలో లిఫ్టులో బొచ్చు రాలుతోందని వాచ్‌మన్‌తో కబురు. సరే, నాన్న రోజూ లిఫ్టు తుడిచారు. తర్వాత కుక్క లిఫ్టే ఎక్కకూడదన్నాడు. 68 ఏళ్ల మనిషి, 30 కిలోల కుక్క నడుముకి తువ్వాలు కట్టి పట్టుకుని రోజుకి రెండుసార్లు నాలుగంతస్తులు దిగి ఎక్కారు. మే నెల ఎండల్లో! చివరికి ఖాళీ చేస్తే అడ్వాన్సులో సున్నాలకని కోసేశాడు. గోడల్ని కుక్క నాకిందట. మా కుక్కకి గోడ నాకే ఓపికే ఉంటే నాన్నెందుకు మోస్తారు?

పటమట అన్నయ్య: జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది కదా, అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టుకి డబ్బులడక్కూడదని.

గురునానక్ కాలనీ: ఆ కాగితం చూపిస్తే "ఇది ఢిల్లీది, ఇల్లు నాది" అన్నాడు.

అరండల్‌పేట బాబాయ్: ఎముక పెట్టమ్మా. మా గుంటూరులో మూడు పళ్లున్న కుక్క కూడా మటన్ ఎముక వదల్దు.

బ్రాడీపేట 4/5: బాబాయ్, దయచేసి అలా చెప్పకండి! ఉడికిన ఎముక పెచ్చులుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అమ్మాయ్, మా డాషండ్ కుక్క చివరి మూడేళ్లూ బోసినోటితోనే బతికింది కాబట్టి చెప్తున్నా. పళ్లు తీసిన చోట మానిందని డాక్టరు చెప్పేదాకా మెత్తటివి తప్ప ఏమీ వద్దు. ఆ తర్వాత కూడా వేలి గోరుతో నొక్కి చూడమను, గోరు దిగకపోతే పెట్టొద్దు. తీపి గుమ్మడి ఆవిరి మీద ఉడికించి, చెంచాతో మెదిపి, గోలీలంత ఉండలు చెయ్యాలి. ఫ్రిజ్‌లో రెండ్రోజులు ఉంటాయి. చిలగడదుంపా అంతే. ఎముకల్లేని కోడిమాంసం ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించి, పీచులు తీసి, ఆ నీళ్లతోనే తడిపి పెట్టొచ్చు. ఇడ్లీ ముక్క సరే, సాంబారు చుక్క కూడా వద్దు. ద్రాక్ష, ఎండుద్రాక్ష విషం, పులిహోరలో జీడిపప్పుతోపాటు అవీ వేసే ఇళ్లున్నాయి, అందుకే చెప్తున్నా. పొమరేనియన్ కదా, రోజుకి నాలుగైదు ఉండలు దాటనివ్వకండి, ఒళ్లు చేస్తుంది.

ఇక్కణ్ణుంచి ఏమీ పంపొద్దు. పీనట్ బటర్ పంపాలని బుద్ధి పుడితే వెనక చదువు, జైలిటాల్ అనో బర్చ్ షుగర్ అనో (చక్కెర బదులు వేసే తీపి) ఉంటే కుక్క ప్రాణానికే ముప్పు. నోరు వాసనొచ్చినా, అన్నం వదిలేసినా ఆగకుండా గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లమను.

కృష్ణలంక అమ్మాయి: అక్కా, ఇవాళ అమ్మ గుమ్మడి ఉండలు చేసింది. అక్కడే నిలబడి రెండు తినేసి, మూడోది మాత్రం మంచం కిందికి పట్టుకెళ్లింది. ఈసారి చీమలకి ఏమీ మిగల్లేదట.

అరండల్‌పేట బాబాయ్: ఆ ఓనరు ఏ వీధిలో ఉంటాడమ్మా?