సమస్యాపూరణం: తేనె పెట్టినఁ బిట్టకుఁ దెగులు పుట్టు

నిర్వాహకులు:
ఈసారి సమస్య అమెరికా పెరట్లోది. అక్కడ హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట కోసం సీసాలో తీపి నీళ్ళు పోసి వేలాడదీస్తారు. ఛందస్సు తేటగీతి. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండదు. మన మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టది వేరే కుటుంబం, దాన్ని ఇందులోకి తేవద్దు. పూదేనె తాగి బతికే ప్రాణికి తేనెతోనే తెగులెలా వస్తుందో పద్యం ఒప్పించాలి.

హ్యూస్టన్ సభ్యుడు:
నాల్గు గిన్నెల నీటిలో నాణ్యమైన
పంచదారొక గిన్నెను వంచి కలిపి
పెరటఁ గట్టుము, పులియును, బెరుఁగు బూజు,
తేనె పెట్టినఁ బిట్టకుఁ దెగులు పుట్టు.

నిర్వాహకులు:
గణాలు, యతులు సరిపోయాయి. కొలతా సరైనదే. తేనెను నీళ్ళలో కలిపి వేలాడదీస్తే త్వరగా పులిసి బూజు పెరుగుతుంది, అదే పిట్టకు ముప్పు. నా అభ్యంతరమల్లా "నాణ్యమైన" దగ్గర. అది యతి కోసం వచ్చిన మాట. దాన్ని నమ్మి ఎవరైనా బెల్లమో, ముడి చక్కెరో కలిపితే అందులోని ఇనుము ఆ చిన్న ఒంటికి హాని. తెల్ల చక్కెర అని చెప్పి తీరాలి. "తెల్ల చక్కెర గిన్నెఁడు, తేట నీరు" అని ఎత్తుకుంటే రెండో పాదం "నాల్గు గిన్నెలు" అని మొదలవుతుంది. యతీ కుదురుతుంది, కొలతా నిలుస్తుంది.

హ్యూస్టన్ సభ్యుడు:
ధన్యవాదాలు గురువుగారూ, మారుస్తాను. ఎర్ర రంగు సంగతి కూడా చేర్చనా?

నిర్వాహకులు:
వద్దు. నీళ్ళకు రంగు అక్కర్లేదు, సీసా మూతో పీటో ఎర్రగా ఉంటే చాలు.

డాలస్ సభ్యురాలు:
గల్ఫు కడలిని నాగక గడచి వచ్చు
పులుఁగు కెండలో వారమై పులిసినట్టి
సీస కడుగని చక్కెర చెలమ యనెడు
తేనె పెట్టినఁ బిట్టకుఁ దెగులు పుట్టు.

ఆస్టిన్ సభ్యుడు:
అమ్మా, "చక్కెర చెలమ" ఎంత బాగుందో! మన వైపు వచ్చే హమ్మింగ్‌బర్డ్ జాతి కెంపుగొంతు పిట్ట (రూబీ-త్రోటెడ్), దాని బరువు సుమారు 3 గ్రాములు. అది మెక్సికో సింధుశాఖ మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరి వస్తుంది. అంత దూరం వచ్చిన అతిథికి పులిసిన నీళ్ళా అన్న బాధ పద్యంలో వినిపించింది. కానీ "పులుఁగుకు", మళ్ళీ "పిట్టకు" అంటే పునరుక్తి. పైగా మన టెక్సస్ ఎండలో వారం అక్కర్లేదు, రెండు రోజులకే సీసా కడిగి కొత్తది పోయాలి. మొదటి పాదం చివర "వచ్చె" అని, రెండోది ఇలా అంటే రెండు దోషాలూ పోతాయి:
"పులుఁగు, మండుటెండను నిల్చి పులిసినట్టి"

డాలస్ సభ్యురాలు:
ఒప్పుకుంటున్నాను అన్నయ్యా. "మండుటెండ" నా "వారం" కన్నా బలంగా ఉంది.

సియాటిల్ సభ్యురాలు:
ఎఱ్ఱ సాల్వియా మొక్కల నింట నాటి
చిన్ని కూనల మేఁతయౌ చిట్టి దోమ
పోవ మందును జల్లిన పూల లోని
తేనె పెట్టినఁ బిట్టకుఁ దెగులు పుట్టు.

నిర్వాహకులు:
సమస్యలోని మాట దేన్నీ వంచకుండా అర్థం తిప్పిన పూరణ ఇదొక్కటే. తీపి నీళ్ళు ఎగరడానికి ఇంధనం మాత్రమే. పిల్లలు పెరగాలంటే తల్లి సన్న దోమల్ని, సాలీళ్ళని పట్టి తెచ్చి పెట్టాలి. మందు చల్లితే ఆ మేతా పోతుంది, పూలూ పాడవుతాయి. అంతా ఒక్క వాక్యంలో ఇమిడింది. ఒక్క అక్షరం కూడా మార్చను.

సియాటిల్ సభ్యురాలు:
సంతోషమండీ. మా దగ్గర అన్నాస్ అనే హమ్మింగ్‌బర్డ్ జాతి చలికాలమంతా ఉంటుంది. ఒక మగపిట్ట సీసా దగ్గరే కాపలా కాసి మిగతావాటిని తరిమేస్తోంది. ఏం చేయాలి?

ఆస్టిన్ సభ్యుడు:
రెండో సీసా ఇంటికి అవతలి పక్క కట్టండి. ఒకచోట కూర్చుంటే రెండూ కనబడకూడదు.