నైట్ షిఫ్ట్ కుర్రాళ్లకు ఐపీ బ్లాక్ చేసే పర్మిషన్ ఒక్కటే ఇవ్వడం ఎలా? ఏడబ్ల్యూఎస్ వాఫ్

గచ్చిబౌలి_గుడ్లగూబ:
రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా. మా సైటు అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో క్లౌడ్‌ఫ్రంట్ అనే కంటెంట్ డెలివరీ సర్వీస్ మీద ఉంది, దానికి వాఫ్ (వెబ్ దాడుల్ని ఆపే ఫైర్‌వాల్) కాపలా. రాత్రిళ్లు ఎవడో ఒకడు లాగిన్ పేజీ మీద పడి బాదుతుంటాడు. కుర్రాళ్లు నన్ను లేపుతారు, నేను ఆ ఐపీని బ్లాక్‌లిస్టులో వేసి పడుకుంటా. మొన్న 3 గంటలకు ఫోను మోగితే పాప కూడా లేచి కూర్చుంది. ఇక చాలని ఐఏఎంలో (ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలో చెప్పే చోటు) కస్టమ్ పాలసీ రాశా. ఫుల్ యాక్సెస్ ఇస్తే రూల్సే ఎగరగొడతారని భయం. అందుకే యాక్షన్‌లో అప్‌డేట్‌ఐపీసెట్ ఒక్కటే పెట్టి, రిసోర్స్‌లో ముంబై రీజియన్‌తో మా ఐపీ సెట్ (అదే ఆ బ్లాక్‌లిస్టు) ఏఆర్ఎన్, అంటే ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి చిరునామా, రాశా. కన్సోల్ తెరిస్తే యాక్సెస్ డినైడ్!

వైజాగ్_లాగ్స్:
ముంబై దగ్గరే దెబ్బ తిన్నారు. సర్వర్లు ఎక్కడున్నా, క్లౌడ్‌ఫ్రంట్‌కు వాడే ఐపీ సెట్లు యూఎస్-ఈస్ట్-1లోనే ఉంటాయి. ఏఆర్ఎన్‌లో ఆ రీజియనే ఉండాలి, ఐపీసెట్ ముందు రీజనల్ కాదు, గ్లోబల్ అని రావాలి. చేత్తో కొట్టకండి, కాపీ చేసుకోండి. పైగా అప్‌డేట్ ఒక్కటే చాలదండీ. గెట్‌ఐపీసెట్ ఇచ్చే లాక్ టోకెన్ (మధ్యలో ఇంకెవరూ లిస్టు మార్చలేదని చూపే గుర్తు) చూపిస్తేనే అప్‌డేట్ ఒప్పుకుంటుంది. కన్సోల్‌లో సెట్లు కనబడాలంటే లిస్ట్‌ఐపీసెట్స్ కూడా కావాలి. దానికి ఏఆర్ఎన్ పనిచేయదు, వేరే స్టేట్‌మెంట్ రాసి రిసోర్స్‌లో స్టార్ (*, అంటే అన్నీ) పెట్టండి. యాక్షన్ల ముందు వాఫ్‌వీ2 అనే ఉందా? ఉత్త వాఫ్ అంటే పాత వెర్షన్ క్లాసిక్‌ది.

గచ్చిబౌలి_గుడ్లగూబ:
వీ2 సరిగ్గానే రాశానండీ, గ్లోబల్ దగ్గరే దొరికిపోయా. ఇప్పుడు నడుస్తోంది. ఈ రాత్రి ఫోన్ సైలెంట్!

పాతకాపు:
అప్పుడే సైలెంట్‌లో పెట్టకు తమ్ముడూ. అప్‌డేట్ అంటే ఉన్నదానికి కలపడం కాదు, లిస్టు మొత్తాన్ని మార్చేయడం. మా దగ్గర ఒకబ్బాయి కమాండ్ లైన్‌లో కొత్త ఐపీ ఒక్కటే ఇచ్చి ఎంటర్ కొట్టాడు. ఏడాదిగా పోగేసిన పాతవన్నీ మాయం. ఆ ఐపీలవాళ్లంతా లోపలికి, తెల్లారేదాకా జాతరే. పాలసీ ఏ సెట్టును ముట్టుకోవచ్చో చెబుతుందంతే, అందులో ఏం వేస్తున్నారో చూడదు. నీ ఆఫీసు ఐపీనే బ్లాక్‌లిస్టులో వేసినా కిమ్మనదు. స్లాష్ 0 రేంజిని (అంటే ఐపీలన్నీ ఒకేసారి) వాఫ్ తీసుకోదు కానీ, సగం సగంగా రెండు స్లాష్ 1లు ఇస్తే తీసుకుంటుంది. అందుకే మేం మధ్యలో చిన్న లాంబ్డా (ఏడబ్ల్యూఎస్‌లో పిలిస్తే నడిచే చిన్న ప్రోగ్రాం) పెట్టాం. ఒక ఐపీ తీసుకుంటుంది, ఆఫీసుదైతే తోసిపుచ్చుతుంది, లేదంటే పాత లిస్టుకు కలిపి రాస్తుంది. ఐపీ సెట్ పర్మిషన్ లాంబ్డా రోల్‌కే. పిల్లలకు ఆ లాంబ్డాను ఇన్వోక్ చేసే (పిలిచే) పర్మిషన్ మాత్రమే.

గచ్చిబౌలి_గుడ్లగూబ:
అమ్మో, బతికించారన్నా. శనివారం కూర్చుని లాంబ్డా రాస్తా. అప్పటిదాకా కమాండ్ లైన్ జోలికి పోకుండా కన్సోల్‌లోనే వేయమని గ్రూపులో పెట్టేశా. సైలెంట్ కూడా తీసేశా.