వేరు కణం 'పులుస్తుంది' అనొచ్చా?

అనువాదాల అరుగు: బడిపిల్లల కోసం ఓ సైన్సు వ్యాసం రాస్తున్నాను. 'వరద నీట మునిగిన మొక్కల వేళ్లలో కణాలు పులుస్తాయి' అని రాస్తే, ఎడిటరు గారు 'కిణ్వనం చెందుతాయి' అని దిద్దారు. తేట తెలుగు మాట ఉండగా ఈ కిణ్వనం ఎందుకండీ?

మాగాణి: మండె కట్టేవాళ్లని అడగండి. వడ్లు ఒక రోజు నానబోసి, నీళ్లు వంచేసి, మొలకెత్తడానికి గోనెలో పోసి మూట బిగిస్తాం, అదే మండె కట్టడం. గాలాడకుండా బిగించేస్తే గోనె నడిమధ్య చెయ్యి పెట్టలేం, అంత వేడి. కల్లు కుండ వాసన గుప్పుమంటుంది. మేం 'గింజ మురిగింది' అంటాం, పులిసిందని అనం.

తాటివనం: కల్లు పులిసిందని మాత్రం అందరం అంటాం కదా!

పత్రహరితం: అంటాం. కానీ కల్లులో ఈస్టు చేసే ఆల్కహాలు వేరు, బాక్టీరియా తెచ్చే పులుపు వేరు. రెండూ ఒకే కుండలో ఉంటాయి కాబట్టి ఒకే మాట సరిపెట్టుకున్నాం. వేరు కణంలో ఈ రెండూ ఎదురుబొదురుగా నిలబడతాయి, అసలు తమాషా అక్కడే ఉంది.

ఆక్సిజన్ అందకపోతే కణం మొదట కాస్త లాక్టిక్ ఆమ్లం చేస్తుంది, అంటే మన పెరుగులో పులుపే. లోపలి ద్రవం ఆమ్లగుణానికి తిరగ్గానే ఇంకో ఎంజైము ఊపందుకుంటుంది. చక్కెర విరిగితే వచ్చే పైరువిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అసిటాల్డిహైడ్, దాన్నుంచి ఆల్కహాలు పుడతాయి. పులుపు అక్కడితో ఆగుతుంది. ఆల్కహాలు చేసే ఆ చివరి ఎంజైము లేని మొక్కజొన్న రకం వేరు కొసలను 1984లో అమెరికాలో పరీక్షించారు. గాలి లేనప్పుడు వాటి కణాలు ఆమ్లంతో నిండి, మామూలు వాటికంటే ముందే చచ్చాయి. కణం పులవకుండా కాపాడేదే ఆల్కహాలు! మీ వాక్యం సరిగ్గా తలకిందులైంది.

అనువాదాల అరుగు: మరి వరదలో మొక్క ఎదుగుదల ఆగేది ఆల్కహాలు విషం వల్ల కాదా? నేనలాగే రాశాను.

పత్రహరితం: 1970ల దాకా చాలామంది అలాగే అనుకున్నారు. ఎదుగుదల ఆగడానికి పెద్ద కారణం ఆకలి. గాలి ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు), లేకపోతే రెండే. ఆల్కహాలు చాలావరకు కణం పొర దాటి బయటి నీళ్లలోకి జారిపోతుంది. వరద నేలల్లో కనిపించే మోతాదు బఠాణీ మొక్కలను పెద్దగా బాధించదని 1982లో తేలింది. క్యారెట్ కణాలతో 1991లో వచ్చిన పని ఇంకా ముచ్చటైనది: ఆల్కహాలు అసిటాల్డిహైడుగా మారకుండా అడ్డుకుంటే కణాలకు హాని తగ్గింది. నీరు తీసి గాలి తగలగానే కొన్ని మొక్కలు దెబ్బతినడంలో అసిటాల్డిహైడుకీ వాటా ఉందంటారు. తాగినవాడి మర్నాటి తలనొప్పికీ ఈ అసిటాల్డిహైడ్ మీదే కొంత నింద ఉంది లెండి.

మాగాణి: వరి మాత్రం గాలి లేని నీళ్లలోనూ మొలక తొడుగు సాచుతుంది, వేరు రాదు. వరిచేలో కలుపుగా మొలిచే మా శత్రువు ఊదగడ్డిదీ అదే తెలివి.

తాటివనం: సంస్కృతంలో కిణ్వమంటే మద్యం తయారీలో వేసే పులియబెట్టే సరుకు. ఎడిటరు గారు తెలిసి దిద్దారో తెలియక దిద్దారో గానీ, గురి తప్పలేదు.

అనువాదాల అరుగు: ఇలా మార్చాను: 'గాలి అందని వేరు కణం చక్కెరను ఆల్కహాలుగా మార్చుకుని ఎలాగో గడుపుకొస్తుంది.'

పత్రహరితం: బాగుంది. 'గడుపుకొస్తుంది'ని మాత్రం 'జీవనక్రియను కొనసాగిస్తుంది' అని దిద్దనివ్వకండి.