పాత మాన్యువల్ జూమ్ లెన్స్ తీసుకునే ముందు ఏమేం చూడాలె?

కాజీపేట్_35
హన్మకొండల ఒకరి దగ్గర మూడు జూమ్‌లు అమ్మకానికి ఉన్నయి: మినోల్టా ఎండీ 35-70 (ఫోకల్ లెంగ్త్, మి.మీ.లల) ఎఫ్/3.5 (లెన్స్ పూర్తిగ తెరిచినప్పటి కొలత), కెనాన్ న్యూ ఎఫ్‌డీ 70-210 ఎఫ్/4, మినోల్టా మౌంట్ (లెన్స్ కెమెరాకు బిగే చోటు) వివిటార్ సిరీస్ 1 70-210. బాడీ సోనీ ఏ7 మార్క్ 2. రెండు మౌంట్లకు చవక అడాప్టర్లు ఉన్నయి. అక్కడ పది నిమిషాలు చూడనిస్తరట, వారంల వాపస్ ఇయ్యొచ్చు. అక్కడ ఏం చూడాలె, ఇంటికి తెచ్చినంక ఏం తీయాలె? వేయి స్తంభాల గుడిల తీసి చూస్తే సరిపోతదా?

పాత_గ్లాసు
గుడి చివరికి ఉంచు అన్నా. శిల్పం ముందుకు వెనక్కు ఉంటది. మూల మసకైతే లెన్స్ లోపమో, ఆ రాయే వెనక్కున్నదో చెప్పలేం. పైగా ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్ల ట్రైపాడ్‌కు పర్మిషన్ కావాలె.

అక్కడికి పోయినప్పుడు నీ అడాప్టర్లు, ఒక టార్చ్ పట్టుకపో. టార్చ్ వెనకనుంచి ఓరగ కొట్టి ముందునుంచి చూడు, తర్వాత తిప్పి చూడు. చూసేటప్పుడు జూమ్ ఆ కొస నుంచి ఈ కొస దాక కదిలించాలె, లోపలి గ్లాసులు జరిగితేనే కొన్ని మరకలు బయటపడ్తయి. దుమ్ము నలుసులను పట్టించుకోకు. సన్నటి దారాలు కొమ్మలు కొమ్మలుగ పాకితే ఫంగస్. పాలు కలిపినట్టు గ్లాసంతా తెల్లగ ఉంటే హేజ్. అంచుకు చిన్న ఫంగస్ ఉన్న లెన్సన్నా తీసుకోవచ్చు గని హేజ్ ఉన్నది వద్దు, ఎదురు వెలుతురుల కాంట్రాస్ట్ మొత్తం పోతది.

అపర్చర్ బ్లేడ్ల (వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నగ పెద్దగ చేసే రేకుల) మీద నూనె మెరిస్తే జాగ్రత్త. మినోల్టా వెనక లివర్ వేలితో కదిలిస్తే బ్లేడ్లు టక్కున కదలాలె, బద్ధకంగ కదిలితే నూనె పట్టినట్టే. ఎఫ్‌డీ లెన్స్‌కు అడాప్టర్ పెట్టి, అడాప్టర్ మీది రింగ్‌ను లాక్ వైపు తిప్పకుండ లెన్స్ అపర్చర్ రింగ్ తిప్పితే బ్లేడ్లు కదలవు. అది చెడిపోయిందనుకోవద్దు.

వివిటార్ సీరియల్ నంబర్ చూడు. 22తోని మొదలైతే కిరాన్ తయారీ, ఫిల్టర్ 67 మి.మీ. 37 అయితే టోకినా, 28 అయితే కొమినె. మొదటి రెండూ ఎఫ్/3.5, కొమినెది ఎఫ్/2.8-4. పేరు ఒకటే గని మూడూ వేరు వేరు లెన్సులు, ఒకదాని రివ్యూ చూసి ఇంకోదానికి ధర కట్టొద్దు.

ములుగురోడ్
ఇంటి దగ్గర పరీక్షకు సాదా ఇటుక గోడ చాలు. కానీ కెమెరా గోడకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి, లేకపోతే లేని లోపం కనిపిస్తుంది. గోడకు చిన్న అద్దం ఆనించి అతికించండి. అద్దంలో మీ లెన్స్ ప్రతిబింబం ఫ్రేమ్ మధ్యలోకి వచ్చేదాకా ట్రైపాడ్ సర్దండి. ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

ఇలాంటి లెన్స్‌ను కెమెరా గుర్తించదు కాబట్టి మెనూలో లెన్స్ లేకుండా కూడా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయండి. ఐఎస్ఓ 100, రా (RAW) ఫైల్, 2 సెకన్ల టైమర్, స్టెడీషాట్ (కెమెరాలో కుదుపును ఆపే ఏర్పాటు) ఆఫ్. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు స్టెడీషాట్‌లో ఫోకల్ లెంగ్త్ మీరే ఇవ్వాలి. 70 అని పెట్టి 210కి జూమ్ చేస్తే కుదుపును సరిగ్గా ఆపలేదు. ఫోకస్‌కు పీకింగ్‌ను (పదునైన అంచులకు తెరమీద రంగు వేసి చూపేది) నమ్మకండి, మాగ్నిఫై చేసే చూడండి.

జూమ్ మొదట, మధ్యలో, చివర, ఒక్కోచోట అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8లో ఒకటి. నాలుగు మూలలూ ఒకేలా మసకగా ఉంటే అది ఆ డిజైన్ తీరు, ఎఫ్/8కి చాలావరకు సర్దుకుంటుంది. ఒక్క పక్కే మసకైతే కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. ఫ్రేములో అదే పక్క మసకగా ఉంటే లెన్స్ గానీ అడాప్టర్ గానీ వంకర. మసక గోడతో పాటు పక్క మారితే కెమెరా నిలబెట్టడంలో తప్పు.

కాజీపేట్_35
35-70 తెచ్చిన. 70 దగ్గర ఫోకస్ చేసి 35కు జూమ్ చేస్తే దూరంల ఉన్న సెల్ టవర్ మసకైతంది. లెన్స్ పోయినట్టేనా?

ములుగురోడ్
ముందు అడాప్టర్‌ను అనుమానించండి. ఇన్ఫినిటీ (చాలా దూరంలోని వాటికి ఫోకస్) కచ్చితంగా అందాలని చవక అడాప్టర్లను కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. ప్రైమ్ లెన్స్‌కు (జూమ్ లేనిదానికి) నష్టం లేదు, ఫోకస్ రింగ్ కొంచెం తిప్పితే సరిపోతుంది. ఇలాంటి జూమ్‌కు మాత్రం జూమ్ మారిస్తే ఫోకస్ నిలవదు. 0.1 మి.మీ. పొట్టిగా ఉంటే అదే టవర్‌కు 70 దగ్గర రింగ్ సుమారు 49 మీటర్ల చోట, 35 దగ్గర 12 మీటర్ల చోట ఆగుతుంది. 70లో ఫోకస్ చేసి 35కు వస్తే ఎఫ్/3.5లో మూడు నాలుగు పిక్సెళ్ల మసక.

35 దగ్గర మళ్లీ ఫోకస్ చేసి చూడండి. బొమ్మ పదునుగా వచ్చి, రింగ్ మాత్రం ఇన్ఫినిటీకి బాగా ఇవతలే ఆగితే తప్పు అడాప్టర్‌దే. అడాప్టర్ స్క్రూలు విప్పి దాని రెండు ముక్కల మధ్య సన్నటి కాప్టాన్ టేప్ (పల్చటి ప్లాస్టిక్ టేప్) ముక్కలు పెట్టండి, చుట్టూ మందం ఒకేలా ఉండాలి, లేకపోతే వంకర వస్తుంది. ఒక్కో పొర పెంచుతూ, 35లోనూ 70లోనూ టవర్‌కు రింగ్ ఒకే చోట ఆగేదాకా చూడండి. ఇన్ఫినిటీయే అందకపోతే పొర ఎక్కువైంది, ఒకటి తీసేయండి.

పాత_గ్లాసు
70-210 తెస్తే ఇంకోటి. ఎండాకాలం పొద్దెక్కినంక భద్రకాళి చెరువు అవతలి ఒడ్డును 210ల తీసి లెన్స్ బాలేదనొద్దు. వరుసగ పది ఫొటోలు తియ్యి. మసక ఒక్కో ఫొటోల ఒక్కో చోట ఉంటే అది వేడిగాలి. పొద్దుగాల ఆరున్నరకు తీస్తే తేడా తెలుస్తది. టవర్ కడ్డీలను తెల్లటి ఆకాశం మీద తీస్తే ఊదా అంచు ఎంతుందో కూడ అక్కడ్నే తేలిపోతది.

ఎఫ్‌డీని కిందికి వంచి పట్టుకో, జూమ్ దానంతటదే జారుతదేమో చూడు. బొమ్మ నాణ్యతకు నష్టం లేదు, ధర తగ్గించమని అడగొచ్చు. ఫంగస్ ఉన్నదేదైనా తీసుకుంటే మిగతావాటితో కలపకు. తోలు కవర్ పారేసి, గాలి చొరని డబ్బాల సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) వెయ్యి. వానకాలం తేమ 50 శాతం దాటనియ్యకు.