క్వైట్ అంటే ‘చాలా’ అనా, ‘ఒక మోస్తరు’ అనా? మూడు గంటలుగా తేలడం లేదు

నాపరాయి_ఎర్రగుంట్ల
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరు నుంచి ఒకే మాట పట్టుకుని కూర్చున్నాను. ఇంగ్లీషులో క్వైట్ అనే మాటకు అసలు అర్థం ఏమిటి? ఇంట్లో ఉన్న నిఘంటువులో ‘పూర్తిగా’ అని ఒక అర్థం, దాని కిందే ‘ఒక మోస్తరుగా’ అని ఇంకో అర్థం. ఫోనులో వెతికితే ‘చాలా’ అని వచ్చింది. ఈ మూడూ ఒకే మాటకు ఎలా అర్థాలవుతాయి? డిగ్రీ దాకా ఇంగ్లీషులోనే చదివాను, ఇంత చిన్న మాట దగ్గర ఇలా ఆగిపోతానని అనుకోలేదు. రేపు ఉదయం తొమ్మిదికి దీని మీదే ఒక ముఖ్యమైన పని ఉంది. దయచేసి ఎవరైనా ఒక్క అర్థం ఖాయంగా చెప్పండి.

సూటిగా
మొత్తం వాక్యం పెట్టండి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_కర్నూలు
బాబూ, ముందు స్పెల్లింగు సరిచూసుకోండి. చివర ‘ఈ’ ఉంటే క్వైట్. చివర ‘టి’ ఉండి దాని ముందు ‘ఈ’ ఉంటే అది క్వయట్, అంటే నిశ్శబ్దం. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను, ఏటా పదో తరగతి జవాబు పత్రాల్లో ‘తరగతి నిశ్శబ్దంగా ఉంది’ అని రాయబోయి ‘తరగతి పూర్తిగా’ అని రాసి వదిలేసినవాళ్లే. రెండక్షరాలు తారుమారైతే వాక్యమే కూలిపోతుంది. పిల్లల చేత చూచిరాత మాన్పించాక ఈ తప్పులు మరీ పెరిగాయి. రోజుకు ఒక్క పేజీ రాయించినా చాలు, చెయ్యి దానంతట అదే నేర్చుకుంటుంది.

నాపరాయి_ఎర్రగుంట్ల
స్పెల్లింగు తెలుసు సార్. చివర ‘ఈ’ ఉన్నదే. అర్థమే కావాలి.

అమ్మ_అనంతపురం
‘చాలా’ అనే అర్థం నాయనా, సందేహం వద్దు. మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల పైఅధికారి ‘క్వైట్ గుడ్’ అన్నారంటే మెచ్చుకున్నట్టే.

పెన్నాతీరం
అక్కా, మీరు చెప్పింది అమెరికాకు సరిపోతుంది. నేను కడపవాడిని, ఏడేళ్లు ఇంగ్లండులో లీడ్స్‌లో పనిచేశాను. అక్కడ అదే మాట వేరుగా వినిపిస్తుంది. మొదట్లో నా పనిని ‘క్వైట్ గుడ్’ అంటే పొంగిపోయేవాడిని. అది మెప్పు కాదని తెలియడానికి ఏడాది పట్టింది.
తమ్ముడూ, రెండు విషయాలు చెబితేనే జవాబు చెప్పగలను. ఈ మాట అన్నది ఏ దేశంవాళ్లు? దాని పక్కన ఉన్న విశేషణం ఏమిటి?

పదవివేచన
ఇక్కడ ఒక మౌలికమైన పొరపాటు జరుగుతోంది. ఇలాంటి మాటలన్నిటినీ మన పుస్తకాల్లో ‘క్రియావిశేషణం’ అంటున్నారు. ‘క్వైట్ గుడ్’లో క్రియ ఎక్కడుంది? గుడ్ అనేది విశేషణం. విశేషణాన్ని విశేషించేదాన్ని క్రియావిశేషణం అంటే విద్యార్థికి అర్థమయ్యేది ఎలా? ‘తీవ్రతావాచకం’ అనాలి. పేరు తప్పుగా పెట్టాం కాబట్టే ఈ గందరగోళం.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_కర్నూలు
అయ్యా, ‘తీవ్రత’ అంటే పెంచడమే గుర్తుకొస్తుంది. ‘కాస్త మంచిది’ అన్నప్పుడు తీవ్రత ఎక్కడుంది? ఇంగ్లీషులో కూడా యాడ్వర్బ్ అనే పేరు క్రియకూ విశేషణానికీ మరో యాడ్వర్బుకూ కలిపే వాడతారు. లాటినులో వెర్బుమ్ అంటే ‘మాట’ అని కూడా అర్థం. బడిలో స్థిరపడిన పేరు మార్చితే పిల్లలే నష్టపోతారు.

పదవివేచన
స్థిరపడినంత మాత్రాన సరైనది కాదు. ‘పరిమాణ విశేషకం’ అయినా అనవచ్చు.

సూటిగా
వాక్యం ఏది?

నాపరాయి_ఎర్రగుంట్ల
క్షమించండి, ముందే చెప్పాల్సింది. నేను పాలిష్ బండల ఫ్యాక్టరీలో ఉత్తరాలు, లెక్కలు చూస్తాను. ఇంటి ముందు పరిచే నల్ల నాపరాళ్లు పన్నెండు నమూనాగా పంపాం. కొనేవారు ఇంగ్లండువాళ్లు. జవాబులో మూడు మాటలున్నాయి: నమూనా ‘క్వైట్ గుడ్’, కానీ అంచులు ‘నాట్ క్వైట్ స్ట్రెయిట్’, ధర ‘రాదర్ హై’. మా యజమానికి నేను ‘చాలా బాగున్నాయట, అంచులు కొన్ని వంకరట’ అని చదివి వినిపించాను. ఆయన సంతోషించి రేపు తొమ్మిదికి మిషన్ మీద లోడు మొత్తం కోయించమన్నారు. ఇంటికి వచ్చాక అనుమానం పట్టుకుంది.

పెన్నాతీరం
కోత ఆపించు తమ్ముడూ, ఇప్పుడే ఫోను చెయ్యి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.
ఒకే మాటకు రెండు బరువులు ఎందుకంటే, అది పక్కనున్న విశేషణాన్ని బట్టి మారుతుంది. మంచి, చలి, ఖరీదు లాంటివాటికి ఎక్కువ తక్కువలుంటాయి. వాటి ముందు బ్రిటన్‌వాళ్లు క్వైట్ అంటే ‘ఒక మోస్తరు’. అసాధ్యం, పరిపూర్ణం లాంటివాటికి మెట్లుండవు, అయితే అవును, లేకపోతే లేదు. వాటి ముందు అదే మాటకు ‘పూర్తిగా’ అని అర్థం. ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే బొత్తిగా కుదరదని. నీ నిఘంటువు తప్పు చెప్పలేదు, ఏది ఎక్కడో చెప్పలేదంతే.
ఇది మన తెలుగులో లేనిదేమీ కాదు. పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే ‘బాగుంది’ అంటే ఒకటి, ‘బాగానే ఉంది’ అంటే ఇంకొకటి. ఆ ‘నే’ విన్న వెంటనే పెళ్లివారి ముఖం మారుతుంది. నీకొచ్చిన ‘క్వైట్ గుడ్’ ఆ ‘బాగానే ఉంది’. మాట్లాడేటప్పుడైతే గొంతును బట్టి కూడా తేడా వస్తుంది: క్వైట్ మీద ఒత్తితే మెప్పు తగ్గుతుంది, గుడ్ మీద ఒత్తితే పెరుగుతుంది. ఉత్తరంలో ఒత్తు వినబడదు కాబట్టి వెనక ‘కానీ’ ఉందేమో చూసుకోవాలి. నీ ఉత్తరంలో ఉంది.
‘నాట్ క్వైట్ స్ట్రెయిట్’ అంటే కొన్ని వంకర అని కాదు. తిన్నగా ఉండటానికి ఇంకా కాస్త దూరంలో ఉన్నాయని. ‘రాదర్ హై’ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రాదర్ నచ్చని గుణం పక్కన వస్తే అది మర్యాదగా చేసే ఫిర్యాదు. మొత్తం కలిపితే: సరుకు బాగానే ఉంది, అంచు సరిచేయండి, ధర తగ్గించండి.

అమ్మ_అనంతపురం
అయితే మా అబ్బాయిని నిజంగానే మెచ్చుకున్నట్టేనా?

పెన్నాతీరం
అమెరికాలో మెప్పుగానే వాడతారు అక్కా, నిశ్చింతగా ఉండండి.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_కర్నూలు
‘నే’ పోలిక బాగా చెప్పారు. ఇన్నేళ్ల పాఠంలో నాకు తట్టలేదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొరకు ఇలాంటి తెలుగు సూక్ష్మాలు ఎన్ని ఎదురై ఉంటాయో. కడపలో ఆయన పేరు మీద ఉన్న గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా అదే తలచుకుంటాను. మన పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకువెళ్లాలి.

పదవివేచన
‘బాగానే’లోని ‘నే’ అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది. దాన్ని పరిమాణంతో కలపకూడదు.

పెన్నాతీరం
పేరు ఏదైనా, వినేవాడికి అందే అర్థం అదే కదండీ.

పదవివేచన
పేరు సరిగా లేకుండా అర్థం నిలవదు. దీని మీద విడిగా రాస్తాను.

నాపరాయి_ఎర్రగుంట్ల
రాత్రే ఫోను చేశాను. యజమాని కోప్పడ్డారు గానీ లోడు ఆపారు. పొద్దున మూలమట్టం పెట్టి చూస్తే మిగిలిన నమూనా బండల్లో నాలుగింటికి ఒక మూల దగ్గర అంచుకూ మట్టానికీ మధ్య వెలుగు కనిపిస్తోంది. బ్లేడు సరిచేస్తున్నారు. ధర గురించి ఇంకా తేలలేదు. ధన్యవాదాలు అన్నా, ఉంటాను, లారీ వచ్చింది.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_కర్నూలు
జవాబు రాసేటప్పుడు స్పెల్లింగు ఒకసారి చూసుకోండి బాబూ.