అప్‌గ్రేడ్ మధ్యలో చెడిన ఇంటి కంప్యూటర్: ఫార్మాట్ కొట్టాలా, బాగుచేసుకోవాలా?

(ఒక చర్చలోని ప్రశ్న, జవాబులు. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

బెజవాడ డీటీపీ

మా ఇంట్లో డీటీపీ పనికి వాడే డెస్క్‌టాప్ ఒకటి ఉంది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దానికి తోడు 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది కనుక విండోస్ 11కు మారదామని అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. రెండోసారి రీస్టార్ట్ అయ్యాక చేసిన మార్పులను వెనక్కు తీసుకుంటున్నట్టు సందేశం వచ్చింది. అది జరుగుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ నిలబడలేదు. అప్పటి నుంచి ఎప్పుడు ఆన్ చేసినా బూట్ డ్రైవ్ (విండోస్ లేచే డిస్క్) అందడం లేదని నీలం తెర, ఆ వెంటనే ఆటోమేటిక్ రిపేర్, మళ్లీ నీలం తెర.

మా వీధి చివర సర్వీసు సెంటర్ ఆయన చూసి ఫార్మాట్ కొట్టేస్తే గంటలో అయిపోతుందని అన్నారు. మా బావగారు ఫార్మాట్ మాటే ఎత్తవద్దని, రిపేర్ చేస్తే లేచి తీరుతుందని అంటున్నారు. డెస్క్‌టాప్ మీద పెళ్లి కార్డులు, కరపత్రాల ఫైళ్లు ఉన్నాయి. పని అంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. దాని సీడీ బీరువాలో ఉంది గాని, సీడీ పెట్టడానికి ఈ కంప్యూటర్‌కు డ్రైవ్ లేదు. ఎవరి మాట వినాలో పెద్దలు కారణాలతో సహా చెప్పగలరు.

పాత మదర్‌బోర్డు

సర్వీసు సెంటర్ ఆయన మాటను తేలిగ్గా కొట్టిపారేయకండి. నేనూ చాలాకాలం ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. సగంలో ఆగిన అప్‌గ్రేడ్‌లో ఏ ఫైలు పాతదో, ఏది కొత్తదో, రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు రాసుకునే చోట) ఎంత భాగం వెనక్కు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. యూట్యూబ్ చూసి, విండోస్ లేచే భాగాన్ని బాగుచేసే బూట్‌రెక్ కమాండ్లు కొట్టేవాళ్లను ఎందరినో చూశాను. వాటిలో ఫిక్స్‌బూట్ దగ్గర అనుమతి లేదన్న సమాధానం రాగానే అక్కడే ఆగిపోతారు. నేటి యూఈఎఫ్‌ఐ (కొత్త తరం ఆరంభ పద్ధతి) కంప్యూటర్లలో బూట్ ఫైళ్లను తిరిగి రాయడానికి బీసీడీబూట్ అనే కమాండ్ వాడాలన్న సంగతి ఆ వీడియోల్లో సగానికి పైగా చెప్పవు.

ఎలాగోలా లేపి ఇచ్చినా, పదిహేను రోజులకు ప్రింటర్ పనిచేయడం లేదనో, అప్‌డేట్లు ఎక్కడం లేదనో అదే మనిషి అదే సీపీయూను చంకన పెట్టుకుని మళ్లీ వస్తాడు. డేటా తీసి పక్కన పెట్టి, డిస్క్ శుభ్రం చేసి, కొత్తగా ఎక్కిస్తే ఆ తంటా ఉండదు. ఫార్మాట్ అంటే డేటా పోవడమేనన్న భయం డేటా తీయకుండా ఫార్మాట్ కొట్టేవాళ్ల వల్ల వచ్చింది. ఆ తప్పు ఫార్మాట్‌ది కాదు.

లాగ్ ఫైల్

పాత మదర్‌బోర్డు గారు చెప్పిన చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. అయితే "గంటలో ఇస్తాను" అన్న మాటలో డేటా తీసే సమయం ఎక్కడ ఉందో నాకు కనిపించడం లేదు. వెనకటి హార్డ్‌డిస్క్‌ల రోజుల్లో పొరపాటున ఫార్మాట్ కొట్టినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కు తీయగలిగేవారు, ఎందుకంటే క్విక్ ఫార్మాట్ చేసినా డేటా డిస్క్ మీద అలాగే ఉండేది. ఎస్‌ఎస్‌డీలో ఆ అవకాశం దాదాపు లేదు. ఫార్మాట్ చేస్తూనే విండోస్ ఆ స్థలమంతా ఖాళీ అయిందని ట్రిమ్ ఆదేశం పంపుతుంది, డ్రైవ్ దాన్ని తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు పంపినా చేతికి వచ్చేది చాలా తక్కువ. పాత రోజుల ధైర్యంతో నేటి డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టడమే నా అభ్యంతరం.

కనుక ఫార్మాటా, రిపేరా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, డిస్క్‌లో ఉన్నది చదవగలుగుతున్నామా లేదా అన్నది. వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేసుకుని దానితో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ వైపు వెళ్లకుండా రిపేర్ ఎంపికలోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పెన్‌డ్రైవే ఎందుకంటే, చెడిన కంప్యూటర్‌లోని రికవరీ తెరను నమ్ముకోలేం: 2025 అక్టోబరులో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత ఆ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌసు రెండూ పనిచేయకుండా పోయాయి, అదే నెల 20న మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

కమాండ్ ప్రాంప్ట్‌లో ముందుగా మేనేజ్-బీడీఈ స్టేటస్ (డ్రైవ్‌కు తాళం ఉందో లేదో చెప్పే కమాండ్) చూడండి. డ్రైవ్ బిట్‌లాకర్ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) తాళంలో ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఏదీ ముందుకు సాగదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే కంప్యూటర్ అయితే ఆ కీ సాధారణంగా ఆ ఖాతా పేజీలోనే దొరుకుతుంది. తాళం లేదని తేలితే అదే నల్ల తెర మీద నోట్‌ప్యాడ్ అని టైప్ చేయండి. నోట్‌ప్యాడ్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "అన్ని ఫైళ్లు" ఎంచుకుంటే మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. అక్షరాలు మారి ఉంటాయి కాబట్టి మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో, ఈ అనో కనిపించినా కంగారు పడవద్దు. యూజర్స్ ఫోల్డర్‌లోంచి కావలసిన దాని మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, బయటి హార్డ్‌డిస్క్‌లో పేస్ట్ చేయండి. ఎంత శాతం అయిందో అక్కడ చూపించదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో కట్టేస్తే చేసిన పని వృథా అవుతుంది. ఫైళ్లు మరీ ఎక్కువ ఉంటే రోబోకాపీ అనే కాపీ కమాండ్ మేలు.

కాపీ పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలు వెతికి దిద్దే కమాండ్) నడపకండి. డ్రైవే చెడిపోతున్న స్థితిలో ఉంటే చెక్‌డిస్క్ చేసే దిద్దుబాట్లు ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టవచ్చు.

ఇక మీ నీలం తెర సందేశం గురించి. అది విండోస్ ఫైళ్లు చెడినందువల్లే రావాలని లేదు. బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు అమరికల్లోకి) వెళ్లి సాటా మోడ్ (డిస్క్‌తో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతి) ఏమి ఉందో, గడియారంలో తేదీ సరిగ్గా ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి.

అట్లాంటా నుంచి

మా నాన్నగారు గుంటూరులో, నేను ఇక్కడ. వాట్సాప్ వీడియోలో ఆయన ఫోను తెర మీదికి పెడితే, ఊగుతున్న ఆ బొమ్మలో నేను కమాండ్ ప్రాంప్ట్ చదవాలి. లాగ్ ఫైల్ గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు గాని, డెబ్బై ఏళ్ల మనిషి చేత రోబోకాపీ టైప్ చేయించడం నా వల్ల కాలేదు. మా ఇంట్లో ఫొటోలన్నీ మొదటి నుంచీ క్లౌడ్‌లోనూ, ఒక బయటి డిస్క్‌లోనూ ఉంచుతున్నాం. సిస్టమ్ చెడితే "నా ఫైళ్లు ఉంచు" అన్న రీసెట్ ఒక్కటే చేయిస్తాను. అందులో క్లౌడ్ డౌన్‌లోడ్ (విండోస్‌ను నెట్ నుంచి దించుకోవడం) ఎంచుకుంటే 4 జీబీకి పైగా డేటా ఖర్చవుతుంది, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి, అంతే. ఎదురుగా కూర్చుని చేసేవాళ్లు లేని ఇళ్లలో రిపేర్ పద్ధతి ఆచరణలో సాగదని నా అనుభవం.

లాగ్ ఫైల్

మీ ఇంట్లో నకలు వేరేచోట ఉంది కనుక ఆ పద్ధతి మీకు చెల్లుతుంది. నకలు లేనివాళ్లు మాత్రం "ఫైళ్లు ఉంచు" అన్న మాటను భరోసాగా తీసుకోకూడదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1809 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లను తుడిచిపెట్టింది. బాధితుల సంఖ్య చాలా తక్కువేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది, అయినా విడుదలను ఆపి, సరిచేసి నవంబరు 13న మళ్లీ ఇచ్చింది. అప్‌గ్రేడ్ సవ్యంగా పూర్తయిన యంత్రాల్లోనే అలా జరిగినప్పుడు, విఫలమైన యంత్రంలో రీసెట్‌కు ముందు నకలు తీయమనడం చాదస్తం కాదు.

బెజవాడ డీటీపీ

మేనేజ్-బీడీఈ చూస్తే డ్రైవ్‌కు తాళం లేదని వచ్చింది. నోట్‌ప్యాడ్ దారిలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, అను ఫోల్డర్ బయటి డిస్క్‌లోకి వచ్చేశాయి. బయాస్‌లో తేదీ కొన్నేళ్లు వెనక్కు పోయి ఉంది. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని చూపిస్తోంది. కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో రెయిడ్ అని రాసి ఉంది. ఇది మార్చవచ్చా?

లాగ్ ఫైల్

మార్చవచ్చు. మీ మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోగానే బయాస్ అమరికలన్నీ మొదటికి వెళ్లాయి, వాటితోపాటు డిస్క్ మోడ్ కూడా మారింది. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కిందో ఆ మోడ్ డ్రైవర్‌తోనే (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాంతోనే) బూట్ కావాలని చూస్తుంది గనుక డిస్క్ దానికి అందడం లేదు. సీఆర్2032 బ్యాటరీ వేసి, మోడ్‌ను రెయిడ్‌కు మార్చి, తేదీ సరిచేసి ఆన్ చేయండి. బిట్‌లాకర్ ఉన్న యంత్రంలో అయితే బయాస్ మార్పు చేయగానే రికవరీ కీ అడగవచ్చు. మీకు ఆ బెడద లేదు.

బెజవాడ డీటీపీ

వెనక్కు మళ్లడంలో మిగిలిన భాగం పూర్తయి విండోస్ 10 తెరుచుకుంది. పేజ్‌మేకర్, అను రెండూ పనిచేస్తున్నాయి. అప్‌గ్రేడ్ లాగ్‌లో (ఏమి జరిగిందో విండోస్ రాసుకునే ఫైలులో) లోపం సంఖ్య 0ఎక్స్‌సీ1900101, దాని పక్కన 0ఎక్స్40017 అని ఉంది. ఇప్పుడు విండోస్ 11కు మళ్లీ అప్‌గ్రేడ్ చేయాలా, శుభ్రంగా కొత్తగా ఎక్కించాలా?

పాత మదర్‌బోర్డు

నాణెం బ్యాటరీ సంగతి లాగ్ ఫైల్ గారు సరిగ్గా పట్టుకున్నారు. నేనైతే ఏహెచ్‌సీఐలోనే ఫార్మాట్ కొట్టి ఉండేవాణ్ణి, విండోస్ చక్కగా ఎక్కేది, బ్యాటరీ లోపం ఎవరికీ తెలిసేది కాదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టయ్యేదని మీరు అనవచ్చు, ఒప్పుకుంటాను.

కానీ ఇప్పుడు ఆయన అడిగినది వేరే ప్రశ్న, ఇక్కడ మాత్రం నా మాట మార్చుకోను. అప్‌గ్రేడ్ ఒకసారి విఫలమయ్యాక, ఎందుకు విఫలమైందో తేలకుండా మళ్లీ నొక్కితే మళ్లీ అదే జరుగుతుంది. డేటా బయటికి వచ్చేసింది, ఇక శుభ్రంగా ఎక్కించడానికి అడ్డేమిటి?

లాగ్ ఫైల్

అడ్డు పేజ్‌మేకర్. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. సీడీ ఉన్నా డ్రైవ్ లేదు, సీడీ ఇంకా చదవగలిగే స్థితిలో ఉందో లేదో తెలియదు. శుభ్రంగా ఎక్కించిన మర్నాడు ఆయన పని ఆగిపోతుంది. ముందు బయటి డీవీడీ డ్రైవ్ తెచ్చి ఆ సీడీని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. అది పూర్తయితే నా అభ్యంతరంలో సగం పోతుంది.

విఫలమైన కారణం తేలలేదన్నారు, చాలావరకు లాగే చెబుతోంది. సీ1900101తో మొదలయ్యే లోపాలు ఎక్కువగా డ్రైవర్లవి. రెండో సంఖ్యలో ఎక్స్ తర్వాతి మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది: 2 అయితే పాత విండోస్ బయట నడిచే సేఫ్ ఓఎస్ దశ, 3 అయితే మొదటి బూట్, 4 అయితే రెండో బూట్. ఆయనకు వచ్చింది 4, అంటే కొత్త విండోస్ లేచి డ్రైవర్లను ఎక్కించుకునేటప్పుడు ఆగింది. విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, దాని లోపల సెటప్‌డయాగ్ ఫోల్డర్‌లో ఉన్న నివేదికలో చాలాసార్లు ఆ డ్రైవర్ పేరు కూడా దొరుకుతుంది. డీటీపీ యంత్రాల్లో నేను ముందుగా అనుమానించేది పాత స్కానర్ డ్రైవర్‌ను, సాఫ్ట్‌వేర్ తాళం కోసం పెట్టే డాంగిల్ డ్రైవర్‌ను. వాటిని తీసేసి, అవసరం లేని యూఎస్‌బీ పరికరాలన్నీ విప్పి, విండోస్ 10 నడుస్తుండగానే విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైలులోని (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇచ్చేది) సెటప్‌ను నడపాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ప్రోగ్రాములు నిలుపుకునే అప్‌గ్రేడ్ అవకాశం ఉండదు.

ఇంకో సంగతి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి శుభ్రంగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డ్రైవ్‌కు తాళం దానంతటదే పడుతుంది, లోపలి రెండో డిస్క్‌కు కూడా. అప్‌గ్రేడ్ చేస్తే అలా పడదు. తాళం చెడ్డదని నేననడం లేదు గాని, రికవరీ కీ అనేది ఒకటుందని తెలియని ఇంట్లో అది పడితే, వచ్చేసారి నోట్‌ప్యాడ్ దారి మూసుకుపోయి ఉంటుంది.

పాత మదర్‌బోర్డు

తాళం సంగతి ఒప్పుకుంటాను; నేను ఎక్కించి ఇచ్చే ప్రతి యంత్రంతోపాటు కీని కాగితం మీద రాసి ఇస్తున్నాను. అయితే డాంగిల్ డ్రైవర్ తీసేస్తే డాంగిల్‌తో నడిచే సాఫ్ట్‌వేరూ ఆగుతుంది గదా? విండోస్ 11కు సరిపడే కొత్త డ్రైవర్ ఆ తయారీదారు ఇవ్వకపోతే అప్‌గ్రేడ్ చేసినా, కొత్తగా ఎక్కించినా ఒకటే. బెజవాడ డీటీపీ గారూ, ఆ సంగతి తేలేదాకా విండోస్ 10లోనే ఉండి, పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరండి. ఇళ్లలో వాడేవాళ్లకు అది 2026 అక్టోబరు 13 దాకా ఉంటుంది.

లాగ్ ఫైల్

ఇందులో మన ఇద్దరికీ తేడా లేదు. ఒక్కటే చేరుస్తాను: ఆ గడువు దగ్గరపడేదాకా ఆగకుండా, పెళ్లిళ్ల సీజన్ కాని నెలలో చేయండి. అప్‌గ్రేడ్ పూర్తయినా మొదటి 10 రోజుల్లో మాత్రమే పాత వెర్షన్‌కు వెనక్కు వెళ్లే వీలుంటుంది, కాబట్టి స్కానర్, ప్రింటర్, అను కీబోర్డు మూడింటినీ ఆ లోపే పరీక్షించుకోవాలి. గడువు చాలదనుకుంటే అప్‌గ్రేడ్ అయిన రోజే డిజమ్ కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. పాత విండోస్ ఫోల్డర్ అన్నాళ్లూ డిస్క్‌లోనే ఉంటుంది, మీ 256 జీబీలో దానికి చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

బెజవాడ డీటీపీ

సెటప్‌డయాగ్ నివేదికలో స్కానర్ డ్రైవర్ పేరే ఉంది, డాంగిల్ కాదు. డీవీడీ డ్రైవ్ పక్కింటివాళ్ల దగ్గర దొరికింది, సీడీ కాపీ అవుతోంది. భద్రతా అప్‌డేట్ల పథకంలో ఈ రోజే చేరుతున్నాను, అప్‌గ్రేడ్ ఆషాఢంలో చేస్తాను.