మబ్బు పెంచలకోన మీదుంటే మా తోటలో గాలి ఎట్టా కొట్టింది?

పొదలకూరు నిమ్మతోట:
మొన్న సాయంత్రం నాలుగున్నరప్పుడు పెంచలకోన కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. అప్పటిదాకా తూర్పు నుంచి సముద్రం గాలి తగలతా ఉంది. ఉన్నట్టుండి ఆకు కూడా కదల్లేదు. ఆ తర్వాత పడమటి నుంచి దుమ్ము లేపుకుంటా చల్లగాలి కొట్టింది. పది నిమిషాల్లో పాదుల నిండా కాయలే. రాలినవాటికన్నా చెట్టు మీద మిగిలినవాటి గురించే నా బాధ. కొమ్మలు ఊగి ముళ్లు కాయల్ని గీరేసినాయి, మచ్చ పడ్డ కాయకి రేటు రాదు. వాన చూస్తే ఒక్క చుక్క లేదు. వాన లేకుండా ఇంత గాలి యాడిదన్నా?

కావలి సైన్సు టీచర్:
ఆ మబ్బుదే అన్నా. ఉరుముల మబ్బు బతికేది గాలి మీదే. కింద ఉన్న వేడి, తేమ గాలిని చుట్టుపక్కల నుంచి లాక్కుని పైకి పంపుతుంది. మన వైపు అది పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి కూడా పోతుంది. మీకు తగిలిన తూర్పు గాలిలో సముద్రం గాలితో పాటు ఈ లాగుడు కూడా ఉండొచ్చు.
మబ్బులో వాన మొదలయ్యాక కథ తిరగబడుతుంది. పడే చినుకులు గాలిని కిందికి ఈడుస్తాయి. మబ్బు కింద పొడిగాలి ఉంటే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి, దాంతో ఆ గాలి ఇంకా చల్లబడి బరువెక్కి కిందికి దూకుతుంది. నేలని తాకాక పోయేదానికి చోటు లేక నాలుగు పక్కలకీ పరుచుకుంటుంది. బండ మీద బిందె నీళ్లు కుమ్మరిస్తే ఎట్టా పారతాయో అట్టా. దాని అంచు వానకన్నా ముందు పదుల కిలోమీటర్లు ఉరుకుతుంది. వాన అక్కడే ఆగిపోయింది, గాలి మీదాకా వచ్చింది.
ఆకు కదలని ఆ కాసేపు ఉందే, లోపలికి లాగే గాలికీ బయటికి తోసే గాలికీ మధ్య సందు అది. ఒకసారి మా బడి వరండాలో థర్మామీటరు పావుగంటలో 41 నుంచి 29కి దిగింది.

కొత్తపట్నం తీరం:
మా నాయన ఇదే మాట వేరేగా చెప్పేవాడు: "గాలి చచ్చిందంటే వల లాగెయ్". పడమటి గాలి కొడితే పడవ ఒడ్డుకి రాదు, లోపలికి పోద్ది. వేటలో ఉన్నోడికి వానకన్నా అదే భయం. పడమర అడుగున మబ్బు చాపలాగా చుట్టుకుని ముందుకొస్తా కనపడితే ఇంక టైం లేనట్టే.

విడవలూరు వరి:
ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు ఏటా ఇదే గోల. కళ్లంలో నాలుగు పుట్ల వడ్లు ఆరబోసి ఉంటాం. వాన పడ్డాక పట్ట కప్పుదామంటే కుదరదు, ముందొచ్చే గాలే దాన్ని ఎత్తుకుపోతుంది. అందుకే మేం పడమటి అంచు మీద ముందుగా ఇసక మూటలు పెడతాం, మిగతా మూడు వైపులూ తర్వాత.

గిద్దలూరు:
సారూ, పోయినేడు మా ఊళ్లో రేకుల షెడ్డు లేచిపోయింది. అది సుడిగాలేనని అందరూ అన్నారు. మామూలు గాలి అంత పని చేస్తదా?

కావలి సైన్సు టీచర్:
చెట్లు ఎట్టా పడ్డాయో గుర్తుందా తమ్ముడూ? సుడిగాలైతే తలోదిక్కు పడి, మధ్యలోకి మెలితిరిగినట్టుంటాయి. దూకే గాలైతే ఒకే వైపుకో, విసనకర్ర విప్పినట్టో పడతాయి. జపాన్లో పుట్టిన ఫుజిటా అనే శాస్త్రవేత్త పట్టుకున్న గుర్తు ఇది. 1945లో బాంబు పడ్డాక నాగసాకిలో నడిమి నుంచి బయటికి ఒరిగిన చెట్లని ఆయన చూశాడు. ఏళ్ల తర్వాత అమెరికాలో గాలివాన దెబ్బతిన్న అడవుల్లో అదే ఆకారం కనపడింది. 1975లో న్యూయార్క్‌లో దిగబోతా ఒక విమానం కూలితే, కారణం ఇట్టాంటి గాలేనని తేల్చాడు. నాలుగు కిలోమీటర్ల లోపే పరుచుకునేదాన్ని మైక్రోబరస్ట్ అంటారు. రేకులు లేపడం దానికి పెద్ద పని కాదు.

గిద్దలూరు:
వేపచెట్లు మూడూ తూర్పుకే పడ్డాయి సార్. ఫోటోలున్నాయి.

అల్లూరు రొయ్యల చెరువు:
మాకు గాలి ఆగాక మొదలవుద్ది. పైనీళ్లు చల్లబడి కిందికి దిగుతాయి, అడుగు బురద నీళ్లు పైకి వస్తాయి, రాత్రికి ఆక్సిజన్ పడిపోద్ది. అదే గాలికి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి. మబ్బు కనపడగానే జనరేటర్లో డీజిల్ చూసుకోండి, మేతా తగ్గించండి.

నెల్లూరు టౌన్:
పొదలకూరు అన్నకి చుక్క పడని రోజే, గంట తర్వాత మా మీద కుండపోత. మా మీద మబ్బు యాడిదో మరి!

కావలి సైన్సు టీచర్:
అన్న తోట దాటిన చల్లగాలి తీరం దగ్గర సముద్రం గాలికి ఎదురొచ్చి ఉంటుంది. రెండూ ఢీకొంటే మధ్యలో వేడిగాలికి పైకి తప్ప దారి ఉండదు. అక్కడ కొత్త మబ్బు పుడుతుంది.

పొదలకూరు నిమ్మతోట:
నిన్న మళ్లీ పట్టింది. గాలి చావగానే కూలోళ్లని చెట్ల కింద నుంచి ఇంట్లోకి పిలిచినా, కోసిన కాయల మూటలు షెడ్డు లోపలికి తోసినాం, మోటరు ఆపినాం. పన్నెండు నిమిషాలకి దుమ్ము వచ్చింది. ఈసారి దాని ఎనకాలే వాన కూడా వచ్చింది.